రేడియో కొలువునకు స్వపరిచయ పత్రము: సిరోంచ ప్రాంత తెలుగు యువజనులకు ఒక వివరణము

వార్ధా, వైనగంగా నదులు కలియుటచే ఏర్పడిన ప్రాణహిత గోదావరిని చేరు తావునకు సమీపమున, మహారాష్ట్రమునకు ఆగ్నేయపు కొసను, సిరోంచ పట్టణము కలదు. నదికి ఆవలి ఒడ్డున కాళేశ్వరము. 1860లో నిజాము ప్రభుత్వముతో జరిగిన ఒడంబడికవలన ఈ సీమ ఆంగ్లేయుల పాలనలోనికి వచ్చి, సిరోంచ కేంద్రముగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడెను. 1874లో ఆ జిల్లా రద్దు కాగా సిరోంచ చాందా జిల్లాలో చేరెను. 1960లో మహారాష్ట్ర రాష్ట్రమును, 1982లో గడ్చిరోలి జిల్లాయును ఏర్పడిన పిదప నేటి పరిపాలనా రూపము వచ్చినది. ఎల్లలు ఇన్ని మారులు మారినను ఇండ్లలోని భాష మారలేదు. ఇంట తెలుగు, బడిలోను కచ్చేరిలోను మరాఠీ, బజారున హిందీ, అడవి గ్రామములందు గోండీ, మాడియా, ఈ విధముగా ఒక్క దినములోనే నాలుగు భాషలు వాడుకొను జనులు ఇచ్చట కలరు.

ఇట్టి చోట పుట్టిన యువకుడో యువతియో రేడియో కొలువునకు దరఖాస్తు వ్రాయుటకు కూర్చున్నప్పుడు తొలుత కలుగునది సంకోచము. తన తెలుగు వరంగల్లువారి తెలుగు కాదేమో, తన మరాఠీ పూణేవారి మరాఠీ కాదేమో అను శంక మనస్సున నిలుచును. నాలుగు భాషలు తెలిసినవాడు నాలుగింటను కొరత గలవాడనని తలచును. ఆ సంకోచముతోనే కొందరు తమకు తెలిసిన దానిని పత్రమునందు దాచుదురు. మరికొందరు తెలియని దానిని చేర్చుదురు. రెండును నష్టకరములే. సరిహద్దువాని భాషాసంపద లోపము కాదు, అర్హతయే. అయితే అది అర్హతగా కనబడవలెనన్న సత్యముగను వివరముగను వ్రాయబడవలెను. అట్లు వ్రాయు పద్ధతిని వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

స్వపరిచయము తెలుగువారికి క్రొత్త కాదు

ఉద్యోగార్థి తన చదువును, అనుభవమును, శక్తిని సంగ్రహముగా తెలుపు కాగితమును జనులు రెస్యూమె యనియు బయోడేటా యనియు అనుచున్నారు. ఈ వ్యాసమునందు దానిని స్వపరిచయ పత్రమని వ్యవహరింతము. బయోడేటా అను మాట మన ప్రాంతమున పెండ్లి సంబంధములకై పంపు కాగితమునకును చెల్లుచున్నది. అందువలన పలువురు ఉద్యోగపు పత్రమున కూడ కులము, ఎత్తు, తండ్రి వృత్తి, అన్నదమ్ముల సంఖ్య మున్నగునవి నింపుచున్నారు. రేడియో కేంద్రమువారికి వీనితో పని లేదు. ఈ పొరపాటును మొదటనే విడువవలెను.

మన ప్రాచీన కవులు కావ్యముల అవతారికలలో తమ్ము తాము పరిచయము చేసికొనిరి. శ్రీనాథుడు కాశీఖండమునందు తన కృతులను వయస్సుల వరుసను పేర్కొన్నాడు. బాల్యమున మరుత్తరాట్చరిత్ర, తొలి ప్రాయమున శాలివాహన సప్తశతి, నిండు యౌవనమున నైషధము, ప్రౌఢవయస్సున భీమేశ్వర పురాణము, అటుపిమ్మట కాశీఖండము అని ఆ క్రమము. అందు ఆత్మస్తుతికంటె ముందుగా కనబడునది చేసిన పనుల పట్టిక. ఏ వయస్సున ఏ పని జరిగినదో స్పష్టముగా ఉన్నది. పేర్కొన్న వానిలో మొదటి రెండు కృతులును నేడు లభించుటలేదు. ఆ పట్టికయే లేనియెడల వానిని గూర్చి మనకు తెలియవచ్చునది మిక్కిలి కొలది. చేసిన పనిని పేరుతోను కాలముతోను వ్రాసియుంచుటవలని ప్రయోజనము ఇంతటిది.

పాశ్చాత్యులలో లియొనార్డో డావించీ సుమారు 1482లో మిలాను పాలకునకు పంపదలచిన విన్నపమును ఇట్టి పత్రములకు ఆద్యముగా చెప్పుదురు. లోకము ఆయనను చిత్రకారుడని ఎరుగును. కాని ఆ విన్నపమున వంతెనలు, యుద్ధయంత్రములు మొదట వచ్చినవి, చిత్రలేఖనము కడపట వచ్చినది. నాటి పాలకునకు కావలసినది యుద్ధసాధనము. తన కిష్టమైన దానిని గాక ఎదుటివారికి కావలసిన దానిని ముందు చెప్పవలెనని దీనివలన గ్రహింపవచ్చును.

రేడియో సంస్థలు, వాని అవసరములు

తెలుగు ప్రసారములు 1938 జూన్ 16న ప్రారంభమైన మద్రాసు కేంద్రమునుండి జనులకు పరిచితములైనవి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసెను. హైదరాబాదునందలి దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో చేరెను. కొంగర జగ్గయ్యగారు చలనచిత్రములలో ప్రసిద్ధి పొందుటకు ముందు ఢిల్లీనుండి తెలుగు వార్తలు చదివిరి. విజయవాడ కేంద్రమునుండి ఉషశ్రీగారు రామాయణ భారతములను చెప్పుచుండగా విన్నవారు నేటికిని తలచుకొనుచున్నారు. ఆవలి తెలంగాణమున ఆదిలాబాదు కేంద్రము 1986లోను, వరంగల్లు కేంద్రము 1990లోను ప్రారంభమైనవి. ఈవల మహారాష్ట్రమున చంద్రపూర్, నాగపూర్ కేంద్రములు కలవు. ఆదిలాబాదు కేంద్రము గోండీ మొదలగు గిరిజన భాషలందును కార్యక్రమములను ప్రసారము చేసినది. 2023 ఏప్రిల్ 28న దేశమున ఒక్కమారే 91 చిన్న ఎఫ్.ఎం. ప్రసార యంత్రములు ప్రారంభింపబడినవి. ఒక్కొక్కటి 100 వాట్ల శక్తి కలది. సరిహద్దు ప్రాంతములకును వెనుకబడిన జిల్లాలకును ఇందు ప్రాధాన్యము ఈయబడెను.

అభ్యర్థి తాను దరఖాస్తు పంపు సంస్థ ఏ తరగతికి చెందినదో మొదట తెలిసికొనవలెను. రేడియో సంస్థలు మూడు తరగతులు. మొదటిది ఆకాశవాణి. ఇచ్చట నేడు క్రొత్తవారికి ఎక్కువగా లభించునది నెలజీతపు ఉద్యోగము కాదు. క్యాజువల్ అనౌన్సరుగనో కంపీరుగనో వంతుల లెక్కన పిలుపు. ఆ వంతులు సాధారణముగా నెలకు ఆరింటికి మించవు. కావున జీవనమునకు మరియొక ఆధారము ఉండవలెనని అభ్యర్థియు ఇంటివారును ముందే ఎరుగుట మంచిది. విద్యార్హత, వయస్సు, స్థానిక నివాసము నోటీసులో చెప్పబడును. వ్రాత పరీక్ష, స్వర పరీక్ష జరుగును. అందు నెగ్గినవారికి వాణి అను శిక్షణము కలదు. ఏ కేంద్రము ఏ జిల్లాల నివాసులను కోరుచున్నదో సిరోంచవారు విశేషించి చూచుకొనవలెను. ఆవలి ఒడ్డునందలి కేంద్రము చెవికి దగ్గరగా ఉండవచ్చును. నియమమునకు దూరముగా ఉండవచ్చును.

రెండవది ప్రైవేటు ఎఫ్.ఎం. సంస్థ. దానికి కావలసినది ఆర్.జె. అని పిలువబడు సరస సంభాషకుడు. వ్రాసినది చదువుటకంటె అప్పటికప్పుడు మాటలాడుట అచ్చట ముఖ్యము. మూడవది సామూహిక రేడియో, అనగా జనులు కమ్యూనిటీ రేడియో అనునది. 2006లో ప్రభుత్వము స్వచ్ఛంద సంస్థలకును వీనిని నడుపు అనుమతి నిచ్చెను. జహీరాబాదు సమీపమున మాచ్‌నూరు గ్రామములో 2008లో ప్రసారములు ప్రారంభించిన సంఘం రేడియోను గ్రామీణ దళిత మహిళలే నడిపిరి. వారి పలుకు వారి ఊరి పలుకే. ఆ పలుకునకు గౌరవము కలిగినది గాని కొరత కలుగలేదు. ఇట్టి రేడియోకు పంపు పత్రమున ఊరివారితో అభ్యర్థికిగల సంబంధమే ప్రధానార్హత యగును.

ఒకే పత్రమును మూడు తరగతులకును పంపుట తగదు. విషయము ఒక్కటే యైనను వరుస మారవలెను. ఆకాశవాణికి చదువును, ఉచ్చారణయు, భాషలును ముందు. ప్రైవేటు సంస్థకు ధ్వని మచ్చును వేదికానుభవమును ముందు. సామూహిక రేడియోకు ఊరి పనియు కార్యక్రమపు ఆలోచనయు ముందు.

పత్రపు శిరోభాగము

పేరు, గ్రామము, తాలూకా, జిల్లా, ఫోను సంఖ్య, ఈమెయిలు, ఇంతమాత్రము శిరోభాగమున చాలును. కాని సరిహద్దువానికి పేరునందే ఒక చిక్కు కలదు. తెలుగు ఆచారమున ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. మహారాష్ట్ర ఆచారమున సొంతపేరు, తండ్రిపేరు, తుదను ఇంటిపేరు. అంతియ కాక చంద్రపూర్, గడ్చిరోలి సీమలందు తెలుగు ఇంటిపేర్ల చివర ‘వార్’ అనునది చేరియుండుట తరచుగా కనబడును. అది తెలుగు ‘వారు’ నుండియే వచ్చినదని చెప్పుదురు. బడి పట్టికలో ఒక రూపము, ఆధారు కార్డులో మరియొక రూపము ఉన్నచో, ఇద్దరు వేర్వేరు మనుష్యులని కచ్చేరివారు భ్రమపడవచ్చును. పదవ తరగతి ధ్రువపత్రమున ఉన్న వరుసను, ఉన్న అక్షరములనే పత్రమంతట వాడవలెను. రేడియోలో వినిపింపగోరు పేరు వేరైనచో దానిని కొలువు దొరకిన పిమ్మట చెప్పుకొనవచ్చును.

శిరోభాగము క్రింద రెండు వాక్యములలో అభ్యర్థి తానెవడో చెప్పవలెను. “ప్రతిష్ఠాత్మకమైన సంస్థలో పనిచేసి నా ప్రతిభను వృద్ధి చేసికొనగోరుచున్నాను” అను వాక్యము వేలాది పత్రములందు ఉండునదే. అందులో వార్త లేదు. “సిరోంచ తాలూకా నివాసిని. తెలుగు, మరాఠీ, హిందీ భాషలలో ప్రకటనలు చేయగలను. గోండీ విని గ్రహింపగలను. రెండు సంవత్సరములుగా గ్రామసభలందు మైకు ముందు మాటలాడుచున్నాను” అని వ్రాసినచో చదువరికి మనిషి కనబడును.

భాషల పట్టిక

సిరోంచవాని పత్రమున అన్నిటికంటె విలువైన భాగము ఇదియే. అన్నిటికంటె అజాగ్రత్తగా వ్రాయబడునదియు ఇదియే. “తెలియు భాషలు: తెలుగు, మరాఠీ, హిందీ, ఇంగ్లీషు” అని ఒక్క పంక్తిలో ముగించుచున్నారు. రేడియోవారికి ఈ పంక్తి చాలదు. వినుట, మాటలాడుట, చదువుట, వ్రాయుట అను నాలుగు శక్తులను వేర్వేరుగా చూపవలెను.

మరాఠీ మాధ్యమమున చదివిన తెలుగు బిడ్డ తెలుగును ధారాళముగా మాటలాడును. కాని అక్షరములు కూడబలుకుకొని చదువును, వ్రాయుటయందు తడబడును. ఇది సిగ్గుపడవలసినది కాదు. బడి ఏర్పాటువలన కలిగినది. అయినను దీనిని దాచినచో వ్రాత పరీక్షయందో, మైకు ముందు కాగితము చేతికిచ్చినప్పుడో బయటపడును. “తెలుగు: ఇంటి భాష. మాటలాడుట ధారాళము. చదువుట మధ్యమము, దినమునకు ఒక గంట అభ్యాసము చేయుచున్నాను. వ్రాయుట ప్రారంభదశ” అని వ్రాసినవానిని పరీక్షకుడు నమ్మును. అతడు చెప్పిన తక్కిన మాటలను కూడ నమ్మును.

కొందరు తెలుగు ప్రకటనను దేవనాగరి లిపిలో వ్రాసికొని చదువుచుందురు. అవసరమునకు ఉపాయమే గాని అందొక ప్రమాదము కలదు. మరాఠీ వ్రాతలో హ్రస్వ ఎకార ఒకారములకు వేరు గుర్తులు లేవు. కావున మెడ, మేడ అను రెండును ఒక్క తీరుగనే కనబడును. కొన, కోన అనునవియు అంతే. ఇంటి భాష వచ్చినవాడు సందర్భమునుబట్టి సరిదిద్దుకొనును. కాని ముందుగా వినని ఊరిపేరు, మనిషిపేరు వచ్చినప్పుడు తప్పు దొరలును. రేడియోలో పేరు తప్పుగా పలుకుట చిన్న దోషము కాదు. ఈ కారణముచేత తెలుగు లిపి నేర్చుట తప్పనిసరి. బాల్యమునుండి మాటలాడుచున్న భాషకు లిపి నేర్చుట కష్టము కాదు. నిత్యాభ్యాసమున కొలది నెలలలో సాధ్యమగును.

ఇక సరిహద్దువానికి సహజముగా అబ్బిన మేలు కూడ చెప్పవలెను. తెలుగునందు ‘చెలి’, ‘చాప’ అను మాటల మొదటి అక్షరములను వేర్వేరుగా పలుకుదుము, రెండవది దంత్యము. మరాఠీయందును ఈ భేదము కలదు. ళకార ణకారములు రెండు భాషలందును జీవించియున్నవి. కనుక సిరోంచ బిడ్డకు ఈ ధ్వనులు రెండు వైపులను సుగమములు. హిందీ మాత్రమే నేర్చినవానికి ఇవి ప్రయాసముచే గాని రావు. స్వర పరీక్షలో ఈ సుగుణము వినిపించును.

ధ్వనులకంటె గొప్పది అర్థజ్ఞానము. ఆవలి ఒడ్డున మండలము, ఈవల తాలూకా. ఆవల పట్టాదారు పాసుపుస్తకము, ఈవల సాత్‌బారా. ఈవల గ్రామపు భూమిలెక్కలు చూచు ఉద్యోగి తలాఠీ. ఆవలి తెలుగు శ్రోతకు ఆ మాట తెలియదు. రెండు రాష్ట్రముల కచ్చేరి మాటలను ఒకదానినుండి మరియొకదానికి మార్చి సామాన్యునకు తెలియునట్లు చెప్పగలవారు పట్టణములందు సులభముగా దొరకరు. అభ్యర్థి దీనిని ఒక పంక్తిలోనైనను తప్పక చేర్చవలెను: “మహారాష్ట్ర, తెలంగాణ ప్రభుత్వ పత్రములందలి మాటలను రెండు భాషలలో వివరింపగలను.”

అనుభవమును వ్రాయు విధము

“నాకు అనుభవమే లేదు” అని పలువురు అందురు. రేడియో గదిలో పనిచేసిన అనుభవము లేకపోవచ్చును. మైకు ముందు నిలిచిన అనుభవము లేనివారు కొలదిమందియే. బడిలో ప్రార్థనాసమయపు వార్తలు, గణేశోత్సవము, బతుకమ్మ, కబడ్డీ పందెములు, గ్రామసభ, ఓటరు నమోదు ప్రచారము, వరద హెచ్చరికలు ఇవి అన్నియు ప్రకటనకర్త పనియే. వానిని వ్రాయుటయందు కాలము, స్థలము, భాష, చేసిన పని అను నాలుగు విషయములు ఉండవలెను. విశేషణములు ఉండనక్కరలేదు.

ఒక మచ్చు చూతము. “నాకు మధురమైన కంఠస్వరము కలదు. వేదికలపై అపారమైన అనుభవము కలదు” అని ఒకరు వ్రాసిరనుకొందము. మధురమో కాదో వినువారు నిర్ణయింతురు. అపారమనునది లెక్కకు అందదు. అదే వ్యక్తి ఈ విధముగా వ్రాయవచ్చును: “2022 ఏప్రిల్ 13 నుండి 24 వరకు జరిగిన ప్రాణహిత పుష్కరములలో సిరోంచ స్నానఘట్టమున ఆరు దినములు, దినమునకు నాలుగు గంటలు, తెలుగు, మరాఠీ, హిందీ భాషలలో ప్రకటనలు చేసితిని. బస్సుల వేళలు, నీటిలోతు హెచ్చరికలు, తప్పిపోయిన పిల్లల ఆనవాళ్లు చెప్పితిని.” ఇందు ఒక్క పొగడ్త లేదు. అయినను రద్దీలో తొట్రుపడక, మూడు భాషలలో, స్పష్టముగా, గంటలకొలది మాటలాడగలవాడని చదువరి తానే నిశ్చయించుకొనును.

ప్రకటనకర్త పని మాటలాడుట మాత్రమే కాదని అభ్యర్థి ఎరిగినట్లు పత్రము తెలుపవలెను. క్యూషీటు ప్రకారము కార్యక్రమములను క్షణముల లెక్కన నడుపుట, కాలము చెప్పుట, పాటకు ముందు చిత్రము, కవి, గాయకుల పేర్లు తప్పులేకుండ చెప్పుట, యంత్రము ఆగినప్పుడు నిశ్శబ్దము ఏర్పడకుండ చూచుట, లాగుపుస్తకము వ్రాయుట ఇందు చేరును. కాబట్టి వేళకు పనిచేసిన అలవాటు, కంప్యూటరుపై ధ్వనిని కత్తిరించి అతికించు నేర్పు ఉన్నచో వ్రాయవలెను. ఆడాసిటీ వంటి ఉచిత సాధనమును ఇంటనే నేర్చుకొనవచ్చును. నేర్చిన పిమ్మటనే వ్రాయవలెను.

చదువును గూర్చి ఎక్కువ వ్రాయనక్కరలేదు. 2011లో స్థాపింపబడిన గడ్చిరోలియందలి గోండ్వానా విశ్వవిద్యాలయపు పట్టమైనను, మరియొకటియైనను, సంవత్సరము, విషయములు, శ్రేణి చెప్పినచో చాలును. ఇటీవలిది ముందు, పాతది వెనుక రావలెను.

ధ్వని మచ్చు

తక్కిన ఉద్యోగములకు కాగితము చాలును. రేడియోకు కాగితముతోపాటు కంఠము వెళ్లవలెను. సంస్థ కోరినచోను, అభ్యంతరము చెప్పనిచోను, రెండు నిమిషముల ధ్వని మచ్చు పంపుట మేలు. దానిని మూడు భాగములు చేయవలెను. మొదటి నలుబది సెకనులు వార్త చదువుట, పిమ్మటి నలుబది సెకనులు ఒక పాటకు పరిచయము, కడపటి నలుబది సెకనులు కాగితము లేకుండ శ్రోతతో సంభాషణము. నేపథ్య సంగీతము చేర్చరాదు; అది కంఠమును కప్పివేయును.

ఇందుకు స్టూడియో అక్కరలేదు. బట్టలు, దుప్పట్లు ఉన్న చిన్న గది ప్రతిధ్వనిని అణచును. పంకా ఆపవలెను. ఫోనును నోటికి జానెడు దూరమున, కొంచెము ప్రక్కకు ఉంచినచో ‘ప’, ‘భ’ వంటి అక్షరముల ఊపిరి చప్పుడు పడదు. తెల్లవారుజామున గాని రాత్రి పొద్దుపోయిన పిమ్మట గాని చేసినచో బజారు రొద ఉండదు. ధ్వని ఫైలునకు అభ్యర్థి పేరు, భాష, తేది పెట్టవలెను. పేరులేని ఫైలు కచ్చేరిలో తప్పిపోవును.

కంఠమును మార్చి ప్రసిద్ధుల తీరున పలుకరాదు. అనుకరణము రెండు నిమిషములు నిలుచునేమో గాని నాలుగు గంటల వంతున నిలువదు. ఊరి యాస పూర్తిగా చెరిపివేయవలెనను భయమును అక్కరలేదు. వార్తలకు స్పష్టమైన సర్వసామాన్య భాష, శ్రోతలతో ముచ్చటించునప్పుడు ఇంటి భాష, ఈ రెంటికిగల భేదము తెలిసి వాడుటయే నేర్పు. ఆ భేదము మచ్చులోని మూడు భాగములందును వినబడవలెను.

కార్యక్రమ ప్రతిపాదన

పత్రముతో అర పుట ప్రతిపాదన జతచేసినచో అభ్యర్థి కొలువు కోరువాడుగా మాత్రమే గాక పని ఎరిగినవాడుగా కనబడును. అరగంట కార్యక్రమమునకు నిమిషముల లెక్క వేసి చూపవలెను. ఉదాహరణమునకు, గోదావరి, ప్రాణహిత నీటిమట్టములు, వాతావరణము 5 నిమిషములు. ఒక ప్రభుత్వ పత్రపు వివరణము 8 నిమిషములు. ప్రాంతీయ గీతము 7 నిమిషములు. శ్రోతల ప్రశ్నలు, సమాధానములు 10 నిమిషములు.

ఇది ఊరక అలంకారమునకు చెప్పినది కాదు. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు సిరోంచ తాలూకా గ్రామములు నీట చిక్కినవి. 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజి రెండు రాష్ట్రముల నడుమనే ఉన్నది. దాని గేట్ల వార్త రెండు ఒడ్డుల రైతులకును అవసరము. ఒక ఒడ్డున తెలుగులో వెలువడిన హెచ్చరిక రెండవ ఒడ్డున మరాఠీ కచ్చేరికిని, గోండీ గూడెమునకును అందవలెను. ఈ పనికి కంఠమాధుర్యముకంటె నదిని, ఊళ్లను, మూడు భాషలను ఎరిగిన మనిషి ముఖ్యుడు. పొరుగున బస్తరు సీమలో 2010లో వెలసిన సీజీనెట్ స్వర అను ఏర్పాటున గ్రామస్థులు ఫోనుద్వారా తమ సమాచారమును తమ భాషలలో పలికి వినిపించిరి. స్థానికుని కంఠమునకు ప్రయోజనము కలదనుటకు ఇది నిదర్శనము.

విడువదగినవి, కడపటి పరీక్ష

పత్రము ఒక పుట. మిక్కిలి అనుభవము ఉన్నచో రెండు పుటలు. నోటీసు ఏ భాషలో ఉన్నదో పత్రము ఆ భాషలో ఉండుట యుక్తము. తెలుగు కార్యక్రమములకైనచో తెలుగు ప్రతిని కూడ జతచేయవచ్చును. నోటీసు కోరనిదే ఫోటో అక్కరలేదు. కులము, మతము, ఆస్తి, కుటుంబ వివరములు ప్రత్యేక నియమముండి అడిగిననే గాని వ్రాయరాదు. రంగుల గీతలు, పూల అంచులు అనవసరము. తెలిసినవారిగా ఇద్దరి పేర్లు ఈయవలసివచ్చినచో, అభ్యర్థి మాటలాడగా విన్నవారినే ఎన్నుకొని, ముందుగా వారి అనుమతి పొందవలెను. పలుకుబడి గలవారని మాత్రమే పేర్లు వ్రాసినచో, ఫోను వచ్చినప్పుడు వారు ఏమియు చెప్పలేరు.

అంతయు వ్రాసిన పిమ్మట రెండు పరీక్షలు చేయవలెను. మొదటిది, పత్రమును మొదటినుండి తుదివరకు బిగ్గరగా చదువుట. ఊపిరి అందని వాక్యము, నాలుక తడబడు మాట, అర్థములేని డంబము అప్పుడే బయటపడును. రేడియోకు పంపు కాగితమే చెవికి ఇంపుగా లేనిచో మరేమి ఇంపుగా ఉండును? రెండవది, ప్రతి వాక్యము చెంత నిలిచి “దీనిని మైకు ముందు ఒక్క నిమిషములో చూపగలనా?” అని ప్రశ్నించుకొనుట. చూపగలిగినది ఉంచవలెను. చూపలేనిది కొట్టివేయవలెను, లేదా నేర్చుకొని మరల వ్రాయవలెను.

ముగింపు

సిరోంచ యువజనునకు రేడియో కొలువు తప్పక దొరకునని ఏ పత్రమును చెప్పజాలదు. స్థానములు కొలది, అభ్యర్థులు పెక్కురు, జిల్లా కేంద్రమైన గడ్చిరోలికే సుమారు 200 కిలోమీటర్ల ప్రయాణము. కాని సంకోచముచేత పత్రమునే పంపనివాని కంఠము వినబడుటకు మార్గమే లేదు. ఈ విషయమున తెలుగు సంఘములు చేయదగిన సహాయము చిన్నదే. వారమునకు రెండు సాయంకాలములు తెలుగు లిపి తరగతి, ఒక సాయంకాలము వార్తాపత్రికను బిగ్గరగా చదువు అభ్యాసము, నోటీసులు వెలువడినప్పుడు పదిమందికి తెలుపు ఏర్పాటు, ఈ మూడును ధనముకంటె శ్రద్ధతో సాగునవి. ఉపాధ్యాయులును, చదువుకొనిన అన్నలును, అక్కలును పూనినచో చాలును.

బిడ్డ బడిలో తెలుగు నేర్వలేదని విచారించు తల్లిదండ్రులు కలరు. ఆ తల్లిదండ్రులు ఇంట నేర్పిన పలుకే రేపు అతని పత్రమున మొదటి అర్హత కాగలదు. దానికి లిపిని తోడుచేసి, ఉన్నది ఉన్నట్లు వ్రాసి పంపుట ఇక అతని వంతు.